ఓబుళేసు చెప్పిన సంత జోస్యం

ఓబుళేసుకు చెయ్యి చూడడం రాదు. పంచాంగం లేదు, పంజరంలో చిలక లేదు. ఉన్నదల్లా ఒక ఫోనూ ఒక గొంతూ. ప్రతి శుక్రవారం పొద్దున ఆ గొంతు ఆ ఫోనులోంచి ఉరవకొండ చుట్టుపక్కల పల్లెల వాట్సాప్ గుంపుల్లోకి దూకేది.

"ఏమప్పా, ఎద్దులోళ్లూ, ఎనుములోళ్లూ, పందులోళ్లూ, అందరూ ఇనుకోండి!" అని మొదలుపెట్టేవాడు. కోడె ధర ఎటు నడుస్తుంది, ఎనుము ధర ఎందుకు ఈనలేదు, పంది ధర ఏ బురదలో పడుకుంది, అన్నీ చెప్పేవాడు. గిట్టలున్నవన్నీ గిట్టుబాటు కావనీ, ఏది ఎప్పుడు గిట్టుతుందో తనను అడగమనీ ముగించేవాడు. పందులు మేపే ఇమ్మానుయేల్ కూడా క్రిస్మస్ ముందు ఓబుళేసు గొంతు వినకుండా ఒక్క పందినీ బండి ఎక్కించేవాడు కాదు. వానల సంగతి చెప్పేవాళ్లు ఆకాశం చూసి చెబుతారు, తప్పుతారు. ఓబుళేసు జనం మొహాలు చూసి చెప్పేవాడు. మన మెట్టలో మబ్బులకంటే ముందు మారేవి మొహాలే కాబట్టి ఆయన మాట చాలాసార్లు నిజమయ్యేది.

వృత్తి ఎద్దుల వ్యాపారం. దళారి అంటే మాత్రం ఒప్పుకునేవాడు కాదు. "దళారి కాదప్పా, దారి చూపేటోణ్ని" అనేవాడు. ఎర్రిస్వామికీ దారి చూపాడు. ఆ దారిన పోయిన ఎద్దులు తిరిగి రాలేదు.

ఎర్రిస్వామిది నాలుగెకరాల ఎర్ర నేల. అందులో మన్ను ఎంతో, రాయి అంత. బోరు వేస్తే దుమ్ము వచ్చింది, ఇంకోటి వేస్తే ఇంకాస్త మెత్తని దుమ్ము వచ్చింది. ఇక వానే దిక్కు. వాన కురిసిన రెండు మూడు రోజులే నేలలో పదును ఉంటుంది, ఆ పదునులోనే శనక్కాయ విత్తాలి. పదును ఆరితే విత్తనం నేలలో పడుకుని లేవదు. సొంత ఎద్దులున్నవాళ్లు వాన వెలిసిన పొద్దుననే విత్తే గొర్రు కట్టేస్తారు. లేనివాళ్లు వాళ్ల చేన్లు అయ్యేదాకా కాచుకోవాలి. ట్రాక్టరువాడు రాళ్ల చేనంటే ఆమడ దూరంలోనే దణ్ణం పెడతాడు. ఎర్రిస్వామి ఇరవై ఏళ్లుగా కాచుకుంటూనే ఉన్నాడు. వాన ఆయన చేనిలో అందరితో పాటే పడేది, గొర్రు మాత్రం అందరికంటే వెనక వచ్చేది. కాబట్టి ఎర్రిస్వామికి ఒకటే కోరిక. ఒక జత. సొంత జత.

రెండేళ్ల కింద ఓబుళేసు రెండు కోడెదూడల్ని తెచ్చి ఎర్రిస్వామి కొట్టంలో కట్టేశాడు. పాలుకు ఇచ్చాడన్నమాట. కోడెల దగ్గర పాలేమిటని అడక్కండి, ఇవి పిండుకునే పాలు కావు, పంచుకునే పాలు. ఒకరు దూడల్ని కొనిస్తారు, ఇంకొకరు సాకుతారు. పెరిగాక అమ్మి, దూడలు కొన్న అసలు తీసేసి, మిగిలింది చెరి సగం. దూడలు ఓబుళేసువి, దుడ్లు ఓబుళేసువి. మేత ఎర్రిస్వామిది, మోత ఎర్రిస్వామిది, పేడ ఎత్తే పని ఆయన భార్య గంగక్కది. అయితే ఈ ఒప్పందంలో ఇంకో ఆనవాయితీ కూడా ఉంది. సాకినవాడికి ఎద్దుల మీద మనసైతే, సంత ధర కట్టి అవతలివాడి సగం ఇచ్చేసి జతను ఉంచుకోవచ్చు. ఎర్రిస్వామి సాకింది అందుకే.

ఒకదానికి తాసిల్దారు అని పేరు పెట్టాడు, తినేది ఎక్కువ కాబట్టి. రెండోదానికి గుమాస్తా అని పెట్టాడు, తాసిల్దారు కదిలితే తప్ప కదలదు కాబట్టి. పేర్లు పెట్టినందుకు మర్యాద కూడా ఇవ్వాల్సి వచ్చింది. "తాసిల్దారు సార్, దయచేయండి సామీ. గుమాస్తా సార్, మీరూ రాండి" అని అంటేనే అవి గొర్రు లాగడం నేర్చుకున్నాయి. దారిన పోయేవాళ్లు నవ్వేవాళ్లు. ఎర్రిస్వామి నవ్వేవాడు కాదు, తన మాట విని సార్లు కదలడం ఆయనకు జీవితంలో అదే మొదలు.

ఈ ఏడు ఎండలు ముదిరిన మే నెలలో ఓబుళేసు కొట్టం దగ్గరికి వచ్చాడు. ఎద్దుల వెన్ను మీద చెయ్యి వేసి, తోకలు ఎత్తి చూసి, గట్టు మీద కూర్చున్నాడు.

"అమ్మేద్దాం మామా."

"అమ్మేదెందుకు? అంగడి రేటు ఎంతుంటే అంత కట్టు. నీ సగం నేనిస్తా. జతను నాకిడ్చిపెట్టు."

"ఇస్తావు సరే. యాడ నుంచి?"

"రెండు పంటల్లో తీర్చేస్తా."

"పంటా? పోయినేడు నీ చేన్లో పండింది రాళ్లే గదా. వాటికి రేటు నేను చెప్పలేను." ఓబుళేసు ఎర్రిస్వామి భుజం మీద చెయ్యి వేశాడు. "మామా, నీ మంచికే చెప్తాండా. ఈ మాట ఎవరికీ చెప్పల్యా. మేత యాడా లేదు. ఇంకో నెల పోతే జనం ఎద్దుల్ని ఊరికే తోలుకోని పొమ్మంటారు. రేటు బోర్లా పడతాది. ఇప్పుడమ్మితే నీ పాలు దుడ్లు నీ చేతిలో ఉంటాయి. నెల ఆగి అవే దుడ్లతో పెద్ద జతను కొనుక్కో. మొత్తం నీదే. నా పాలూ లేదు, నా పీడా లేదు. నేనే దగ్గరుండి కొనిస్తా."

పేడ తట్టతో వస్తున్న గంగక్క ఆగిపోయింది. "వద్దు" అంది.

"ఎద్దు మాట మాట్లాడతాంటే వద్దంటావేంది గంగక్కా? నీకు సంత తెల్దు."

"సంత తెల్దప్పా నాకు. సొంతం తెల్సు. మేత మేం తెస్తాండాం. నిన్నేమన్నా అడిగినామా?"

"ఊరుకో మే" అన్నాడు ఎర్రిస్వామి. "వాడు మనకు చెడు చెప్తాడా?"

చెప్పడనే నమ్మకం ఊరికే రాలేదు. ఇద్దరూ చిన్నప్పుడు ఒకే మందలో గొర్రెలు కాశారు. ఎర్రిస్వామి నాయన పోయిన రోజు పాడెకు ముందువైపు భుజం పెట్టింది ఓబుళేసు. మెట్ట మీద ఆ బరువు మోసిన భుజాన్ని ఎవరూ అనుమానించరు. పైగా శుక్రవారం వచ్చింది. గుంపులన్నింటిలో అదే గొంతు, అదే మాట: మేత లేదు, ధర పడిపోతుంది, ఉన్నవి వదిలించుకోండి. ఎర్రిస్వామి ఫోను గంగక్క చెవి దగ్గర పెట్టి వినిపించాడు. "ఇంటివా? నాకొక్కనికే గాదు, లోకానికంతా చెప్తాండాడు."

ఆదివారం ఎర్రిస్వామీ ఓబుళేసూ ఎద్దుల్ని కడిగి, కొమ్ములకు నూనె రాసి సంతకు తోలారు. గంగక్క ఇంట్లోనే ఉండిపోయింది.

సంతలో ఎద్దుల బేరం నోటితో జరగదు, వేళ్లతో జరుగుతుంది. అమ్మేవాడూ కొనేవాడూ చేతులు కలుపుతారు. పైన ఒక రుమాలు కప్పుతారు. లక్ష అనేది ముందే అనుకుంటే, ఆ పైన పట్టుకున్న ఒక్కో వేలికీ పది వేలు. ఒక వేలు పడితే లక్షా పది. చెయ్యంతా పడితే లక్షా యాభై. వేలు పట్టుకుంటే వేలు, విదిలించుకుంటే సున్నా. పైన మొహాలు ఎండ గురించి, పిల్లల పెళ్లిళ్ల గురించి మాట్లాడుకుంటూ ఉంటాయి, కింద వేళ్లు కుస్తీ పడుతుంటాయి. పక్కనున్నవాడికి ధర తెలియకూడదు. బేరం తెగాక కూడా పైకి అనరు, తమ మనిషి చెవిలో చెబుతారు.

ఇంకో కట్టుబాటు ఉంది. పాలుకు సాకినవాడు పగ్గాలు పట్టుకుని నిలబడాలి, రుమాలు కిందికి చెయ్యి పెట్టకూడదు. పెట్టాడంటే పాలివాణ్ణి నమ్మలేదని సంతంతా చాటినట్టు. ఎర్రిస్వామి పగ్గాలు పట్టుకుని నిలబడ్డాడు.

కొనడానికి వచ్చింది కణేకల్ రైతు తిప్పయ్య. తెల్ల మీసాలు, చేతిలో ముల్లుకర్ర. కాలువ కింద భూములున్నవాడు కాబట్టి మొహంలో కాస్త తడి ఉంది. ఎద్దుల పళ్లు చూశాడు, నడిపించి చూశాడు. తర్వాత ఓబుళేసు భుజం మీది రుమాలు ఇద్దరి చేతుల మీదికి దిగింది. రుమాలు కాసేపు ఎగిరింది, కాసేపు ఆగింది. తిప్పయ్య ఒకసారి మూలిగాడు. ఓబుళేసు ఒకసారి ఆకాశం చూశాడు. రుమాలు లేచింది.

ఓబుళేసు వచ్చి ఎర్రిస్వామి చెవిలో నోరు పెట్టాడు. "ఒగటే వేలు మామా. ఎంత గుంజినా రెండో వేలు రాల్యా. చూస్తివా, రేటు అప్పుడే జారతాండాది."

"లచ్చా పదేనా?"

"అదే ఎక్కువ. దేవుని దయ."

దూడల అసలు ఇరవై వేలు పోను, ఎర్రిస్వామి పాలుకు నలభై అయిదు వేలు వచ్చింది. సార్లిద్దరికీ బదిలీ అయింది, వాహనం ఎక్కి కణేకల్ వెళ్లిపోయారు. ఎర్రిస్వామి ఆ దుడ్లు గంగక్క చేతిలో పెట్టి, "నెల. ఒక్క నెల. ఈసారి వచ్చేది మనదే" అన్నాడు. గంగక్క వాటిని బియ్యం డబ్బాలో పెట్టి, ఖాళీ కొట్టంలో చీపురు వేసింది. ఊడ్చడానికి ఏమీ లేదు. అయినా ఊడ్చింది.

నెల తిరిగింది. ధర పడలేదు. "ఇంకో వారం మామా" అన్నాడు ఓబుళేసు. వారం తర్వాత ఇంకో వారం అన్నాడు. ఈలోపు ధర బదులు వాన పడింది. మెట్టంతా తడిసింది. మర్నాడే ఊరంతా గొర్రు కట్టారు. ఎర్రిస్వామి అందరి గడపలూ తొక్కాడు. అందరూ "మాది కానీ, ఆనక వస్తాం" అన్నారు. ఆనక వచ్చేసరికి పదును పోయింది. ఆదివారం సంతకు పోతే, అమ్మిన తన జత లాంటి జతకు లక్షా డెబ్బై చెబుతున్నారు.

ఓబుళేసు తలపట్టుకుని ఎర్రిస్వామి ఇంటికొచ్చాడు. "నా జోస్యం తప్పింది మామా. మబ్బు నా మాట ఇనల్యా."

"పోనీలేప్పా. నువ్వేం జేస్తావు" అని ఎర్రిస్వామే ఆయన్ను ఓదార్చాడు. గంగక్క చేత టీ పెట్టించాడు. ఓబుళేసు టీలో పంచదార తక్కువైందన్నాడు. గంగక్క ఇంకో చెంచా వేసింది.

నాలుగు రోజుల తర్వాత ఇంటి ముందు మోటారు సైకిలు ఆగింది. దిగింది కణేకల్ తిప్పయ్య. నీళ్లు అడిగి తాగి, మీసాలు తుడుచుకున్నాడు.

"ఎర్రిస్వామన్నా, నీ ఎద్దులకేమన్నా చెవుడా? హో అంటే కదలవు, హై అంటే కదలవు. కర్ర చూపిస్తే నా దిక్కే చూస్తాయి గానీ అడుగెయ్యవు. కాలువకు నీళ్లొచ్చి పక్క చేన్లన్నీ అయిపోతాండాయి. ఓబుళేసుకు ఫోన్ జేస్తే అలవాటైతాయి పో అంటాడు. ఏమని పిలుస్తావప్పా నువ్వు?"

ఎర్రిస్వామికి చాలా రోజుల తర్వాత నవ్వొచ్చింది. "గద్దించొద్దన్నా. అవి ఆఫీసర్లు. సార్ అనాల."

"ఏందీ?"

"తాసిల్దారు సార్ దయచేయండి అనాల. ఆయప్ప కదిలితే గుమాస్తా దానంతటదే కదుల్తాది."

తిప్పయ్య పొట్ట పట్టుకుని నవ్వాడు. "లచ్చా యాభై వేలు పోసి కొని, పైన సార్ అని గూడా పిలవాల్నా? అయ్యో నా కర్మా!"

గంగక్క చేతిలోని చెంబు కింద పెట్టింది.

"ఎంత?" అన్నాడు ఎర్రిస్వామి.

"లచ్చా యాభై. అయిదు వేళ్లూ పట్టిచ్చుకున్న్యాడు గదా నీ దోస్తు. నేను మూడు దగ్గరే ఆగుదామనుకుంటి. రుమాలు కింద నా చెయ్యి ఇడిస్తే గదా!"

"ఒగ వేలు గాదా?"

"ఒగ వేలికి ఆ జత వస్తాదాప్పా? ఎప్పటి నుంచో అడుగుతాండా ఆయప్పను, నీ దగ్గరుండే జతే కావాల అని. ఉగాది కాడ్నుంచి. ఆ సంత వారమే, తొందరగా తెగేసుకో, ఈసారి వానలు ముందొస్తాయి, కాలువా ముందొస్తాది, ఎద్దుల రేటు ఆకాశానికి పోతాది అని ఆయప్పే చెప్పినాడు నాకు. జోస్యం అంటే జోస్యమే, ఎట్ల చెప్పినాడో అట్లే అయింది."

 ఓబుళేసు అమ్మేవాడికి పడుతుందని చెప్పాడు, కొనేవాడికి లేస్తుందని చెప్పాడు. ఒకే నోరు, ఒకే వారం. రెండు వైపులా చెప్పినవాడి జోస్యం ఏదో ఒక వైపు తప్పకుండా నిజమవుతుంది. సాకినవాడు ఎర్రిస్వామి, సాకు చెప్పినవాడు ఓబుళేసు. పోయిన దుడ్ల లెక్క ఎర్రిస్వామి బుర్రలో తిరగనే లేదు. తను ఇచ్చిన ఓదార్పు తిరుగుతోంది. ఇంకో చెంచా పంచదార తిరుగుతోంది.

తిప్పయ్యకు ఏదో అర్థమైంది. ఇక ధర మాట ఎత్తలేదు. ఫోను తీసి కాస్త మొహమాటంగా చాపాడు. "నాకా పిలుపు చేతగాదప్పా. ఒగ తూరి నువ్వే చెప్పు, ఇందులో పట్టుకుంటా. చేన్లో పెట్టి ఇనిపిస్తా."

ఎర్రిస్వామి గొంతు సవరించుకున్నాడు. "తాసిల్దారు సార్" అన్నాడు. ఆగాడు. మళ్లీ మొదలుపెట్టి చివరిదాకా చెప్పాడు. తిప్పయ్య ఫోను జేబులో వేసుకుని, దణ్ణం పెట్టి వెళ్లిపోయాడు.

"ఇప్పుడు ఏం జేస్తావు?" అంది గంగక్క.

"ఆదివారం రానీ."

ఆదివారం గంగక్క కూడా సంతకు వచ్చింది, బియ్యం డబ్బాలోని దుడ్లు కొంగున కట్టుకుని. ఓబుళేసు పదిమంది నడుమ నిలబడి పొద్దునే ఎవరి జతకో బేరం తెంపి, చెమట తుడుచుకుంటున్నాడు. ఎర్రిస్వామిని చూసి, "రా మామా, ఈ వారం గూడా రేటు దిగల్యా" అన్నాడు.

ఎర్రిస్వామి ఆయన కుడి చెయ్యి పట్టుకున్నాడు. తన భుజం మీది రుమాలు తీసి ఇద్దరి చేతుల మీదా కప్పాడు. చుట్టూ ఉన్నవాళ్లు బేరమనుకుని, మర్యాదగా చూపు పక్కకు తిప్పుకున్నారు.

"ఏంది మామా ఇది? పగ్గాలేవీ, ఎద్దులేవీ?"

"ఎద్దులు కణేకల్‌లో ఉండాయి. తిప్పయ్య మా ఇంటికొచ్చినాడు." ఎర్రిస్వామి గొంతు పెంచలేదు. "నీ నోటితో చెప్పాల్సిన పన్లేదు. నలుగురిలో నీ పరువు నేను తియ్యను. ఆ పొద్దు నువ్వు పట్టిచ్చుకున్నది ఎన్ని వేళ్లు? నా చేతికి చెప్పు చాలు. అయిదు వేళ్లూ పట్టుకో. అంతే. పట్టుకుంటే ఇంగ నేనేమీ అడగను."

ఓబుళేసు మొహం మారింది.  రుమాలు కింద ఆయన చెయ్యి కదల్లేదు. చెయ్యంతా పట్టుకుంటాడనే అనుకున్నాడు ఎర్రిస్వామి. పట్టుకుంటే చాలనుకున్నాడు. పాడె మోసిన మనిషి కదా.

చెయ్యి కదిలింది. ఎర్రిస్వామి చూపుడు వేలు ఒక్కటే పట్టుకుని నొక్కింది.

"పది" అని గుసగుసగా అన్నాడు ఓబుళేసు. పైకి నవ్వుతూనే ఉన్నాడు. "రాత్రికి ఇంటికి పంపిస్తా. ఈడ మాత్రం నోరెత్తొద్దు మామా. పొద్దున బేరం ఇంగా దుడ్లు చేతులు మారల్యా."

ఎర్రిస్వామి ఎదురుచూశాడు. రెండో వేలి కోసం కాదు. కానీ ఓబుళేసు అట్లాగే అనుకున్నాడు. "సరే, పదైదు" అంటూ ఇంకో వేలు సగం వంచి పట్టాడు.

నిజం అడిగితే ధర చెప్పాడు. ఎర్రిస్వామి ఎడమ చేత్తో రుమాలు లాగేశాడు.

సంతలో ఎవరూ ఎప్పుడూ చెయ్యని పని అది. బేరం మధ్యలో రుమాలు ఎత్తడమంటే నడివీధిలో పంచె ఊడదీసినట్టే. పక్కకు తిరిగిన మొహాలన్నీ ఇటు తిరిగాయి. ఓబుళేసు చెయ్యి ఎర్రిస్వామి వేలూ, అర వేలూ పట్టుకుని పట్టపగలు ఎండలో దొరికిపోయింది. వదలడానికి ఆయనకు ఒక క్షణం పట్టింది.

"చూడండప్పా" అన్నాడు ఎర్రిస్వామి. "నా ఎద్దులు తిప్పయ్యకు అయిదు వేళ్లకు పోయినాయి. నా చెవికి ఒగ వేలని వచ్చింది. నా నోటికి ఇప్పుడు ఒగటిన్నర ఇస్తాండాడు."

 ఓబుళేసు నవ్వబోయాడు, ఎవరూ కలవలేదు. పొద్దున తన జత అమ్మడానికి ఒప్పుకున్న రైతు మెల్లిగా వచ్చి పగ్గాలు విప్పుకున్నాడు. ఓబుళేసు "మామా" అన్నాడు ఇంకోసారి. ఎర్రిస్వామి రుమాలు దులిపి భుజం మీద వేసుకుని, వెనక్కి చూడకుండా ఎద్దుల వరస వైపు నడిచాడు.

అడిగి వచ్చినా అవసరం తీరలేదు. మళ్లీ మబ్బు పడుతోంది. ఇంకో పదును వస్తే ఈ ఏటికి అదే ఆఖరు. గంగక్క కొంగున ఉన్నది నలభై అయిదు వేలు, దానికి జత రాదు. వరస చివర ఒక ముసలి రైతు ఒంటెద్దును పట్టుకుని కూర్చున్నాడు. దాని జత ఎండల్లో చచ్చిపోయిందట. ఎర్రిస్వామి రుమాలు తియ్యలేదు. "ఎంత తాతా?" అని నలుగురికీ వినబడేలా నోటితోనే అడిగాడు. ముసలాయన బిత్తరపోయి, ఆయన కూడా నోటితోనే చెప్పాడు. కొంగు ముడి విప్పారు. ఎద్దు వచ్చింది.

ఒక్క ఎద్దుతో గొర్రు నడవదు. ఒంటెద్దువాళ్లిద్దరు కలవాలి, ఒకరోజు ఒకరి చేను, మర్నాడు ఇంకొకరి చేను. పదును రెండు రోజులే ఉంటే మొదటి రోజు ఎవరిదన్నదే అసలు సంగతి.

ఇంటి దారిలో గంగక్క అంది, "మనూరి హనుమంతరాయునికి ఒగెద్దు ఉండాది గదా. అడుగుదామా?"

"ముందు నాది విత్తుదాం, రేపు నీది అంటాడు."

"అంటే? మర్నాడు రాడా ఏంది? మంచోడే గదయ్యా."

"ఓబుళేసు గూడా మంచోడే గదమ్మే."

 "అడక్కపోతే ఎట్లా?" అంది గంగక్క. 

కొత్త ఎద్దు బండిబాటకు ఎడమ పక్కనే నడుస్తోంది. జతలో ఎడమవైపు కట్టిన ఎద్దు కాబోలు. బాటంతా ఖాళీగా ఉన్నా మధ్యకు రాదు, కుడి పక్కన ఇంకో ఎద్దు పట్టేంత చోటు వదిలిపెట్టి పోతోంది. ఎర్రిస్వామి పగ్గం లాగి దాన్ని నడుమకు తెచ్చాడు. నాలుగడుగులు వేసి అది మళ్లీ పక్కకు జరిగింది.

చినుకు మొదలైంది. ఎద్దు వదిలిన ఆ చోట గంగక్క నడుస్తోంది.